మొప్ప కింది ఎరుపు

నేను మొహాలు చూడను, మెడలు చూస్తాను.
కిసుము బస్టాండు వెనక రేకుల కొట్టులో
పదహారేళ్ళుగా జడలల్లుతున్నాను.
మంగళవారం మధ్యాహ్నం
అపోండి వచ్చి కుర్చీలో కూలబడినప్పుడు
ఆమె మెడ పచ్చికట్టెలా బిగుసుకుపోయి ఉంది.

ఏమైందని అడగలేదు.
చిక్కు దువ్వెన అందుకున్నాను, అంతే.

ఫోను తీసి నా చేతిలో పెట్టింది.
రెండు లైన్ల మెసేజి.
'మీ ఆసక్తికి ధన్యవాదాలు' అని మొదలయ్యేది
ఎక్కడ ముగుస్తుందో
చదువు రాని మా అత్త కూడా చెప్పేస్తుంది.

చేపల కోల్డ్ స్టోరేజీలో లెక్కల గుమాస్తా పని.
బల్లకి అవతల ముగ్గురు.
మొదటి ప్రశ్నే, మీ గురించి చెప్పండి అని.

"నా గురించే నెరియా అక్కా!
ఇరవయ్యారేళ్ళుగా నాతోనే ఉంటున్నానా,
ఒక్క ముక్క గుర్తు రాలేదు.
గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది.
కష్టపడి పనిచేస్తానన్నాను.
నిజాయితీగా ఉంటానన్నాను.
నలుగురితో కలిసిపోతానన్నాను.
మధ్యలో ఉన్నాయన పెన్నుకి మూత పెట్టేశాడు."

ఆ మూత చప్పుడు
వారం నుంచీ నిద్రలో వినబడుతోందట.

సన్న జడలకి ఆరు గంటలు పడుతుంది.
ఆరు గంటలూ ఎవరేడుస్తారు?
మూడో గంటలో కరెంటు పోయింది.
ఆగిపోయిన డ్రయ్యరు కిందనుంచి
రిస్పర్ తల బయటికి పెట్టింది.
దుంగా రేవులో చేపలమ్మే మనిషి,
అంతసేపూ ఏమీ విననట్టు కూచున్న దొంగ.

"పిల్లా, నా దగ్గర తిలాపియా కొనడానికొచ్చావనుకో.
ఈ చేప కష్టజీవమ్మా, నిజాయితీ గలది,
నాలుగు చేపలతో కలిసిపోతుంది అంటే కొంటావా?"

కొట్టంతా ఘొల్లుమంది.
అపోండి కూడా నవ్వింది.
నా చేతి కింద ఆ మెడ
వేలు మందం వదులైంది.

"నేనేం మాట్లాడను.
బొటనవేలితో మొప్ప ఎత్తుతాను.
లోపలి ఎరుపు చూపిస్తాను.
మిగతా బేరం అదే చూసుకుంటుంది.
ఏదీ, నీ మొప్ప ఎత్తు."

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు.
రెండు జడలు పూర్తయ్యాయి.

"పాత కంపెనీలో ఒక రాత్రి జనరేటరు చచ్చింది.
మేనేజరు ఫోనెత్తలేదు.
రెండు వందల పన్నెండు పెట్టెలు.
టార్చిలైటు పళ్ళతో కరిచి పట్టుకుని
ముందు ఏది కరుగుతుందో ఆ వరసలో
సుద్దముక్కతో గుర్తులు పెట్టాను.
ఎదుటి ఐసు ఫ్యాక్టరీ తలుపు బాది
వాచ్‌మన్‌ని లేపాను.
తెల్లారేసరికి పోయినవి తొమ్మిది.
తొమ్మిదే."

ఆ 'తొమ్మిదే' అంటున్నప్పుడు
తల ఎంత నిటారుగా లేచిందంటే
అల్లుతున్న పాయ నా వేళ్ళలోంచి జారిపోయింది.

"ఇది వాళ్ళకి చెప్పావా?"
"వాళ్ళు అడగలేదుగా."
"అడిగారే పిచ్చిమొహమా," అంది రిస్పర్,
"నీ గురించి చెప్పమన్నారు."

ఇక చీకటి పడేదాకా మా కొట్టే ఆఫీసు.
గోళ్ళరంగుకి వచ్చిన నర్సు
జీతమెంత కావాలని అడిగింది.
అపోండి నేలచూపులతో అంకె చెప్పింది.
నర్సు మళ్ళీ అడిగింది, మళ్ళీ అడిగింది,
ఆ అంకె తల పైకెత్తేదాకా.

నీలో లోపమేమిటని నేనడిగాను.
"ఆ తొమ్మిది పెట్టెలు," అంది.
"ఐసు వాచ్‌మన్ నంబరు
ముందే రాసిపెట్టుకుని ఉండాల్సింది.
ఇప్పుడు రాసుకున్నాను."
రిస్పర్ నావైపు చూసి కళ్ళెగరేసింది.

గురువారం ఇంకోచోట పిలుపు,
రేవు దగ్గర తూకాల ఆఫీసు.
వస్తుందో రాదో నాకేం తెలుసు?
సగం డబ్బులే తీసుకుని
మిగతాది మొదటి జీతంలో ఇమ్మన్నాను.
ఏ జీతం అని ఆమె అడగలేదు.

నుదుటి దగ్గరి జడలు మాత్రం
కొంచెం వదులుగా వేశాను.
బిగుతు జడ కనుబొమ్మల్ని పైకి లాగుతుంది,
మనిషి దేనికో బిత్తరపోయినట్టు కనబడుతుంది.
ముగ్గురి ఎదుట కూచోబోయే పిల్లకి
నా చేతులారా ఆ బెదురెందుకు?